ఆపితే గానీ చెప్పలేని హక్కులు

పోలీసులు దారిలో ఆపి ప్రశ్నలు వేస్తే తనకు ఏమేం హక్కులున్నాయో తాళ్ళవలస పట్టణంలో ఒక్క పౌరుడికీ తెలియదని పౌర మర్యాదల విభాగం వారి సర్వేలో తేలింది. ఆ విభాగానికి ప్రధానాధికారి విశ్వంభరమూర్తి గారు సున్నితమైన మనిషి. నివేదిక చదువుతూ చదువుతూ ఆయన కంటతడి పెట్టుకున్నారట. ఆ తడి ఆరకుండానే 'నిలుపబడిన పౌరుడు, అతని హక్కులు' అనే చిన్న పుస్తకం రాసేశారట. పుస్తకాన్ని ఊరూరా పోలీసుల చేత చదివించి, ప్రజలను చైతన్యవంతులను చేయాలని ఉత్తర్వు వెళ్ళింది.

అక్కడ న్యాయ సలహాదారు ఒక మెలిక పెట్టాడు. ఈ హక్కులన్నీ నిలుపబడిన పౌరుడివి. రోడ్డు మీద తన దారిన తాను పోయే పౌరుడివి కావు. వాడికి ఇవి చెప్పడమంటే పెళ్ళి కాని వాడిని పట్టుకుని అత్తవారింటి మర్యాదలు చేయడమే. కనుక సవరణ ఉత్తర్వు వెలువడింది: "ముందు ఆపవలెను. ఆపిన పిమ్మట చెప్పవలెను. చెప్పుటకై ఆపుటను ఆపుటగా పరిగణించరాదు. ఇంతవరకు ఎన్నడూ ఆపబడని పౌరులకు ప్రాధాన్యత ఇవ్వవలెను."

తాళ్ళవలసలో హక్కుల వారోత్సవాలు అలా మొదలయ్యాయి. చివరి రోజు మునిసిపల్ హాలులో పెద్ద సభ. విశ్వంభరమూర్తి గారే వస్తున్నారు. సభకొచ్చే వారికి టిఫిన్లు పెట్టే పని, సి.ఐ. పట్నాయక్ గారు స్వయంగా కబురుపెట్టి ఇడ్లీ పైడమ్మకు అప్పగించారు.

పైడమ్మది బస్టాండు ఎదుట రేకుల పాక. ఆమె ఇడ్లీ నోట్లో పెట్టుకుంటే నమలక్కర్లేదని ఊళ్ళో పేరు. భర్త సింహాద్రి ట్రాలీ ఆటో నడుపుతాడు. ఇద్దరినీ పోల్చి చూస్తే, దేవుడు ఇద్దరికీ కలిపి ఇచ్చిన మాటలన్నీ పైడమ్మే తీసేసుకున్నట్టు ఉంటుంది. సింహాద్రి అవసరమైతే తలూపుతాడు. మరీ అవసరమైతే రెండుసార్లు ఊపుతాడు.

ఖాకీ బట్ట చూస్తే మాత్రం పైడమ్మ గొంతు సన్నబడిపోతుంది. తప్పేమీ చేయకపోయినా సరే, ఏదో చేసేసినట్టే అనిపిస్తుంది. అలాంటిది సి.ఐ. గారి దగ్గర నుంచి కబురు వచ్చేసరికి ఆమెకు భయం, సంబరం రెండూ పుట్టాయి. పప్పు తానే కడిగింది. గ్రైండరు మీద నమ్మకం లేక పక్కనే కూర్చుని చూసింది. తెల్లవారేసరికి గంగాళాల నిండా పిండి చక్కగా పొంగడానికి సిద్ధమై ఉంది. ఇడ్లీ వేడివేడిగా ఉండాలి కాబట్టి హాలు దగ్గరే ఆవిరి పెడదామని గంగాళాలు, ఇడ్లీ పాత్ర, పొయ్యి, పోపు కోసం మూకుడు, నూనె డబ్బా, ఉల్లిపాయలూ మిరపకాయలూ, అల్లం పచ్చడి అన్నీ ట్రాలీలో ఎక్కించి, మొగుడి పక్కన ఇరుక్కుని కూర్చుంది.

గడియారం సెంటరు దగ్గర షామియానా వేసి, తాడు కట్టి ఉంది. తాడు ముందు హెడ్ కానిస్టేబుల్ సన్యాసప్పడు నిలబడి చెయ్యెత్తాడు. ట్రాలీ ఆగింది.

"ఏటి బాబూ? ఏటైంది?" అంది పైడమ్మ, అప్పటికే సన్నబడిన గొంతుతో.

సన్యాసప్పడు పుస్తకం విప్పి గొంతు సవరించుకున్నాడు. "ఓ నిలుపబడిన పౌరురాలా! నిన్ను ఎందుకు ఆపారో తెలుసుకొను హక్కు నీకు గలదు."

"ఎందుకు ఆపేరు బాబూ?"

"ఈ హక్కు నీకు గలదని చెప్పడానికి."

పైడమ్మ సింహాద్రి వైపు చూసింది. సింహాద్రి తలూపాడు. అది అర్థమైందని ఊపిన ఊపో, కానట్టు ఊపిన ఊపో ఆమెకే తెలియలేదు.

"సెప్పేరు కదా, ఎల్తాం బాబూ."

"ఒకటోదే అయింది. రెండోది. నిన్ను ఆపిన పోలీసు ఎవరో తెలుసుకొను హక్కు నీకు గలదు. నా పేరు గొర్లె సన్యాసప్పడు, తండ్రి గారి పేరు..."

"ఓలమ్మో! రోజూ నా పాకలోనే కదా ఇడ్లీ తింతావు. పచ్చడి మళ్ళీ మళ్ళీ ఏయించుకుంతావు. నీ పేరు నాకు తెల్దా?"

"తెలిసినా తెలుసుకోవాలి పైడమ్మా. రూలు." సన్యాసప్పడు తన తండ్రి పేరు, ఊరి పేరు, నంబరు, ఉద్యోగంలో చేరిన సంవత్సరం అన్నీ చెప్పాడు. మంచివాడు. చెప్పిన పని చెప్పినట్టు చేయడం తప్ప మరో విద్య ఎరుగడు. "ఇక మూడోది. మాట్లాడకుండా మౌనముగా ఉండు హక్కు నీకు గలదు."

"అలాగే ఉంతాను బాబూ. పిండి పొంగిపోతంది, తొరగా కానీ..."

సన్యాసప్పడు పుస్తకం మూసేశాడు. ముఖంలో నిజమైన బాధ కనిపించింది. "మాట్లాడేశావు."

"ఏటి?"

"నీ మౌన హక్కుకు భంగం కలిగింది. నేను డ్యూటీలో ఉండగా ఒక పౌరురాలి హక్కుకు భంగం కలిగితే నా ఉద్యోగం ఉంటుందా?"

"భంగం ఎవలు కలిగించేరు బాబూ?"

"నువ్వే. బాధితురాలివీ నువ్వే, నిందితురాలివీ నువ్వే. లోపలికొచ్చి బల్ల మీద కూర్చో. మళ్ళీ ఒకటి నుంచి చదువుతాను."

అలా ఆమె షామియానా లోపలికి వెళ్ళింది. ట్రాలీని తాడుకు లోపలి పక్కన, ఎండలోనే నిలిపారు. ఒకటి నుంచి చదివారు. మూడు దగ్గరికి వచ్చేసరికి పైడమ్మ నోరు మళ్ళీ జారింది. ఈసారి "సరే" అన్నందుకు. ఇంకోసారి తుమ్మింది. తుమ్ము మాట కిందకి వస్తుందా రాదా అని సన్యాసప్పడు స్టేషనుకు ఫోన్ చేసి కనుక్కున్నాడు. తుమ్ము రాదు గానీ, తుమ్మిన తరువాత "సింహాద్రప్పన్నా" అని దేవుణ్ణి తలుచుకోవడం వస్తుందని జవాబు. ఆమె బారి నుంచి ఆమె హక్కును కాపాడడానికి ఒక కానిస్టేబుల్‌ను పక్కన కాపలా పెట్టారు.

ఇక సింహాద్రి విషయం. వాడికి ఒకటో హక్కు చదివారు, తలూపాడు. రెండోది చదివారు, తలూపాడు. మూడోది చదివి అందరూ వాడి నోటి వంక చూశారు. సింహాద్రి ఆకాశం వంక చూశాడు. ఎంతసేపు చూసినా ఒక్క మాట రాలేదు. పోలీసుల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వారం రోజుల్లో ఆ గండం దాటిన పౌరుడు అతనొక్కడే. వెంటనే శాలువా తెప్పించి కప్పారు. మెళ్ళో దండ వేసి, 'ఆదర్శ మౌని' అని మైకులో ప్రకటించి, మౌనం గొప్పదనం గురించి నాలుగు మాటలు మాట్లాడమన్నారు. సింహాద్రి మైకు ముందు నిలబడ్డాడు. ఏమీ అనలేదు. చప్పట్లు మారుమోగిపోయాయి.

"మరి మా ఆయన్నొగ్గీండి బాబూ. పిండి అట్టుకెల్లి ఆడే ఇడ్లీ ఏస్తాడు," అంది పైడమ్మ.

"ఎలా వదులుతాం? తక్కిన ప్రజలకు నమూనాగా చూపించాలి కదా!" అన్నాడు సన్యాసప్పడు. సింహాద్రిని శాలువాతో సహా ఎత్తయిన కుర్చీలో కూర్చోబెట్టారు.

అప్పటికి ఎండ ముదిరింది. ట్రాలీలో గంగాళం మూత ఒకటి చిన్నగా లేచి, చుట్టూ చూసి, మళ్ళీ కూర్చున్నట్టయింది. పైడమ్మ గుండె గుభేలుమంది. పప్పు కడిగినప్పటి నుంచి ఆమె కన్న కల ఒక్కటే. పెద్దాఫీసరు ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకుని, "ఎవరు చేశారు?" అని అడగాలి. ఇప్పుడు ఆయన ఏమని అడుగుతాడో తలుచుకుంటే ఆమెకు చెమటలు పట్టాయి.

"నాలుగోది," అన్నాడు సన్యాసప్పడు. మూడో హక్కు దగ్గరే రోజంతా గడిచిపోయేలా ఉందని, మూడును పెండింగులో ఉంచి ముందుకు సాగవచ్చని పై నుంచి అనుమతి వచ్చింది. "నిన్ను ఆపినట్లు నీ బంధువుకు తెలియజేయు హక్కు నీకు గలదు. ఎవరికి చెప్పమంటావు?"

"ఎవలికీ ఒద్దు బాబూ! పోలీసోలు ఆపేరంటే పరువు పోద్ది."

"వద్దనే హక్కు పుస్తకంలో లేదమ్మా."

సింహాద్రి అక్క రాములమ్మకు ఫోన్ వెళ్ళింది. ఆమెకు "పోలీసులు", "పైడమ్మ", "గడియారం సెంటరు" అనే మూడు ముక్కలే వినపడ్డాయి. మిగిలింది తానే కల్పించుకుని, గుండెలు బాదుకుంటూ, ఇద్దరు కోడళ్ళతో, పక్కింటి వాళ్ళతో పరుగున వచ్చింది. తాడు దగ్గర అందరినీ ఆపారు. ఆపాక వాళ్ళూ నిలుపబడిన పౌరులే. ఒక్కొక్కరి బంధువుకూ తెలియజేయాలి కదా. కోడళ్ళ పుట్టిళ్ళకు ఫోన్లు వెళ్ళాయి. పుట్టిళ్ళ వారు ఆటోలు కట్టించుకుని వచ్చారు. వాళ్ళను ఆపారు. వాళ్ళ వియ్యంకులకు తెలియజేశారు. మంగలి షాపు నుంచి సగం గడ్డంతో ఒకాయన వచ్చాడు. ఆయన వెనక సబ్బు చేత్తో మంగలి వచ్చాడు. బ్యాంకు మేనేజరు కోసం భార్య, ఆమె కోసం తల్లి, ఆ తల్లి చుట్టూ తిరిగే డాక్టరు, డాక్టరు కోసం రోగులు. షామియానాకు ఇంకో షామియానా కలిపారు.

"పథకానికి ప్రజాస్పందన అపూర్వంగా ఉంది సార్. జనం తమంతట తామే వచ్చి పడుతున్నారు," అని సన్యాసప్పడు ఫోన్లో సి.ఐ. గారికి చెప్పాడు. "కంగ్రాచులేషన్స్," అన్నారు సి.ఐ. గారు హాలులోంచి.

ఐదో హక్కు వకీలును పిలిపించుకొను హక్కు. వకీలు చిదంబరం గారు నల్లకోటు వేసుకుని హుందాగా వచ్చారు. తాడు దగ్గర ఆయన్ని ఆపారు. ఆయనకూ వకీలును పిలిపించుకునే హక్కు ఉందని చెప్పారు.

"నేనే వకీలునయ్యా!"

"ఉండొచ్చు సార్. తమ వకీలు తమరు కాలేరు కదా."

ఈ పాయింటు చిదంబరం గారికి ఎంతగానో నచ్చింది. పక్క ఊరి నుంచి ఆయన వకీలు వచ్చాడు. ఆయనకు ఇంకో వకీలు. కాసేపటికి వకీళ్ళ బల్ల నిండిపోయింది. మొత్తం షామియానాలో నిశ్చింతగా, నవ్వు ముఖాలతో ఉన్నది ఆ బల్ల ఒక్కటే.

ఆరోది ఆడవాళ్ళ హక్కు. స్త్రీలను మహిళా పోలీసు సమక్షంలోనే ప్రశ్నించాలి. అసలు ఆ వారం రోజుల్లో ఎవరూ ఎవరినీ ఏ ప్రశ్నా అడగలేదు, ప్రశ్న దాకా రావడానికి తీరిక ఎక్కడిది? అయినా రూలు రూలే. ఊరి మొత్తానికి ఉన్న ఒకే ఒక్క మహిళా కానిస్టేబుల్ కోసం కబురు పంపారు. ఆమె మామూలు చీరలో స్కూటీ మీద డ్యూటీకి వస్తుంటే ఊరి అవతల వేసిన ఇంకో షామియానా వారు ఆపారనీ, అక్కడ ఆమె మహిళా కానిస్టేబుల్ కోసం ఎదురుచూస్తోందనీ తెలిసింది.

ఆ సమయంలోనే ఊళ్ళో పేరుమోసిన దొంగ ఒకడు తాడు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఊరంతా లోపలుండి తానొక్కడే బయట ఉండడం వాడికి చిన్నతనంగా తోచింది.

"నన్ను ఆపరా హెడ్డుగారూ?"

సన్యాసప్పడు విసుక్కున్నాడు. "ఈ పథకం ఎప్పుడూ ఆపబడని వాళ్ళకి. నిన్ను ఎన్నిసార్లు ఆపాం? నీకు తెలియని హక్కేముంది? గవర్నమెంటు టైము పాడుచేయకు, పో."

వాడు చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు. తీరా వెళ్ళి చూస్తే ఊరంతా ఖాళీ. తాళం వేసిన ఇల్లు ఒక్కటి లేదు. ఇన్ని ఇళ్ళు ఒక్కసారే వాకిళ్ళు తెరుచుకుని కనబడేసరికి ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకోలేక, కళ్ళు తిరిగి, ఓ అరుగు మీద పడుకుని నిద్రపోయాడట.

ఇక్కడ పిండి ఆగలేదు. గంగాళం మూత మీద కానిస్టేబుల్ ఒకడు తన హెల్మెట్ బరువుగా పెట్టాడు. పిండి హెల్మెట్‌ను నెమ్మదిగా పైకెత్తింది. మరో గంగాళం మీద ఒక కానిస్టేబుల్‌నే కూర్చోబెట్టారు. అతను కాసేపు గంభీరంగా కూర్చుని, "సార్, లేస్తున్నాను," అన్నాడు. అతను లేవలేదు, పిండే లేపింది. ట్రాలీ అంచు దాటి, రోడ్డు మీదికి తెల్లగా జారి, తాడు కింద నుంచి మెల్లగా అవతలికి వెళ్ళిపోయింది. ఆ వేళ హక్కులు వినకుండా తాడు దాటింది అదొక్కటే.

"నా పిండి! నా పిండి!" అని పైడమ్మ లేచింది.

"మౌనం!" అన్నాడు కాపలా కానిస్టేబుల్.

అక్కడ మునిసిపల్ హాలులో విశ్వంభరమూర్తి గారు వేదిక మీద ఒక్కరే కూర్చుని ఉన్నారు. ఎదురుగా కుర్చీలన్నీ ఖాళీ. జనం లేరు. టిఫిన్ కూడా లేదు. పట్నాయక్ గారు ఐదు నిమిషాలకోసారి "దారిలో ఉన్నారు సార్," అంటున్నారు. అది అబద్ధం కాదు. ఆకలికి తట్టుకోలేక ఆఫీసరు గారు లేచారు. ప్రజల్లో ఒకడిగా కనిపించాలని ఆ రోజు ఆయన పంచె, లాల్చీ వేసుకొచ్చారు. "నేనే వెళ్ళి ప్రజల్ని చూసొస్తాను. ఎవరూ నా వెంట రావద్దు," అని బయలుదేరారు.

గడియారం సెంటరు దగ్గర సన్యాసప్పడు చెయ్యెత్తాడు.

ఆఫీసరు గారు ముచ్చటపడి ఆగారు. తన పథకాన్ని కళ్ళారా చూస్తున్నారు మరి. ఒకటో హక్కు విన్నారు. రెండోది విన్నారు. సన్యాసప్పడి తండ్రి గారి పేరు కూడా శ్రద్ధగా విన్నారు. "బాగుందయ్యా. ఇక నేను వెళ్తాను," అన్నారు.

"మాట్లాడేశారు సార్. లోపలికి రండి."

"నేనెవరో తెలుసా?"

"నేనెవరో తమరు తెలుసుకోవడం రెండో హక్కు సార్, చెప్పాను. తమరెవరో నేను తెలుసుకోవడం ఇందులో ఎక్కడా లేదు." సన్యాసప్పడు పేజీలు తిప్పి మరీ చూపించాడు.

ఆయన్ని తీసుకొచ్చి పైడమ్మ పక్కన కూర్చోబెట్టారు. ఇంతలో పట్టుదల గల మరో కానిస్టేబుల్ వచ్చి, చదువుకున్న వారిలా ఉన్నారు కనుక నేరుగా పరీక్ష పెట్టవచ్చని, పుస్తకంలో ఒక వాక్యం చూపించి అర్థం చెప్పమన్నాడు.

ఆఫీసరు గారు కళ్ళజోడు సర్దుకుని చదివారు. "'స్తంభనానంతర ప్రశ్నావతరణమునకు పూర్వము హేతు ప్రకటనాభ్యర్థన స్వాతంత్ర్యము నిరుపహతమై వర్తించును.'" మళ్ళీ చదివారు. చెమట పట్టింది. "ఎవరయ్యా ఇలా రాసింది?"

"విశ్వంభరమూర్తి గారని అట్ట మీద ఉంది సార్. చాలా పెద్దవారు."

"నేనేనయ్యా ఆయన్ని!"

"అయితే ఇంకా మంచిది. అర్థం చెప్పేయండి, వెళ్ళిపోదురు గాని."

ఆయన పైడమ్మ వైపు చూశారు. పైడమ్మ సింహాద్రి వైపు చూసింది. ఎత్తు కుర్చీలో ఉన్న సింహాద్రి ఆకాశం వైపు చూశాడు. ఎవరికీ ఏమీ తెలియలేదు. ఆఫీసరు గారు ఫెయిలయ్యారు.

కాసేపటికి పట్నాయక్ గారు జీపులో వచ్చి దూకారు. బల్ల మీద మూతి ముడుచుకుని కూర్చున్న ఆఫీసరు గారిని చూసి ఆయన ముఖం పాలిపోయింది. "సన్యాసప్పడూ! వదిలెయ్! అందర్నీ వదిలెయ్!"

సన్యాసప్పడు సెల్యూట్ కొట్టాడు. కొట్టి, సి.ఐ. గారి ఛాతీ వైపు చూసి, తల గోక్కున్నాడు. సభ కోసం మెరుగు పెట్టించమని ఇచ్చిన పేరు పలక ఇంకా తిరిగి రాలేదు. జేబు మీద పేరు లేదు.

"తప్పు క్షమించాలి సార్. పేరు కనబడని వాడిని పోలీసని నమ్మవద్దని రెండో హక్కు కింద చిన్న అక్షరాల్లో ఉంది. అంటే, తమరు ప్రస్తుతానికి పౌరులు."

"నేను ఆర్డర్ వేస్తున్నాను!"

"పౌరులు మాట్లాడకూడదు సార్. తమ మౌన హక్కు..."

పట్నాయక్ గారు కూడా వచ్చి బల్ల మీద కూర్చున్నారు. వకీళ్ళ బల్ల మీంచి ఆనందంతో కూడిన నిట్టూర్పు ఒకటి వినపడింది.

ఇప్పుడిక తాళ్ళవలసలో ఎవరినైనా వదిలిపెట్టగల మనిషి ఒక్కడూ బయట లేడు. ఆర్డరు వేయగలవాళ్ళు లోపల ఉన్నారు, లోపల ఉన్నవాళ్ళ మాట చెల్లదు. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. ఎవరిని తిట్టాలో ఎవరికీ తెలియడం లేదు. బయట ఎండలో, తాడు ముందు, సన్యాసప్పడు ఒక్కడే నిలబడ్డాడు. పొద్దుటి నుంచి చదివి చదివి అతని గొంతు పోయింది. పెదాలు ఎండి పగిలాయి. అయినా చెయ్యెత్తే ఉంచాడు, ఆపడానికి మనిషే లేకపోయినా.

పైడమ్మ అతన్నే చూస్తోంది. పొద్దున్న ఆ చెయ్యి లేచినప్పుడు ఆమె హడలిపోయింది. ఇప్పుడు ఆ చెయ్యి వాలిపోతూ వాలిపోతూ మళ్ళీ లేస్తోంది. ఆమెకు భయం ఎప్పుడు పోయిందో తెలియదు గానీ, దాని చోట జాలి వచ్చి కూర్చుని ఉంది. పొద్దున టిఫిను కూడా తినలేదేమో పాపం. రోజూ తినేది తన పాకలోనే కదా.

సన్యాసప్పడు ఇక నిలబడలేక, తాడు ఎత్తి లోపలికి దూరి, మూల ఉన్న మంచినీళ్ళ కుండ వైపు వచ్చాడు. గ్లాసు ముంచుకుని గటగట తాగి, మళ్ళీ తాడు వైపు తిరిగాడు. పైడమ్మ లేచి వెళ్ళి అతనికి అడ్డంగా నిలబడింది. చెయ్యెత్తింది.

"ఆగు," అంది.

సన్యాసప్పడు ఆగాడు. ఉద్యోగంలో చేరింది మొదలు ఎందరినో ఆపాడు గానీ, అతన్ని ఆపినవారు లేరు.

"ఎల్లనీ పైడమ్మా, డ్యూటీ," అన్నాడు బొంగురు గొంతుతో.

పైడమ్మ కదలలేదు.

"ఎందుకు ఆపేవు?"

"ఊరికే," అంది పైడమ్మ.

"ఊరికేనా?"

"ఊరికే."

సన్యాసప్పడి ముఖం కందగడ్డ అయింది. పొద్దుటి నుంచి పడిన కష్టమంతా ఒక్కసారి పొంగుకొచ్చింది. మర్యాదగా మాట్లాడే పుస్తకం భాష ఎగిరిపోయి, సొంత ఊరి మాట బయటపడింది. "ఊరికే ఆపేస్తావేటి? కారనం నేకండా మనిసిని ఆపేస్తే ఎవుడు ఆగుతాడు? నాకేటి పనీ పాటా నేదా? ఇల్లూ వాకిలీ నేవా? నువ్వాపేవని ఇక్కడ నిలబడిపోడానికి నానేటి రాయినా రప్పనా? ఎల్తన్నాను! ఏటి సేసుకుంతావో సేసుకో!"

అని ఆమెను దాటి, విసవిసా నడిచి, తాడును ఒక్క ఊపున తలపైకి ఎత్తాడు.

ఎత్తి, అలాగే ఉండిపోయాడు.

షామియానాలో చీమ చిటుక్కుమన్నా వినపడేలా ఉంది. ఆ వారం మొత్తంలో మూడో హక్కు సంపూర్ణంగా అమలైన క్షణం అదే. సన్యాసప్పడు తన చేతిలోని తాడు వంక చూశాడు. తరువాత వెనక్కి తిరిగి, తన నోటి వెంట వచ్చిన మాటలు ఇంకా అక్కడే వేలాడుతున్నట్టు గాలిలోకి చూశాడు.

రాములమ్మ కొంగు బిగించి, వంగి, తాడు కింద నుంచి బయటికి నడిచింది. ఆమె వెనక కోడళ్ళు. సగం గడ్డం ఆయన, సబ్బు చేతి మంగలి, రోగులు, వాళ్ళ వెనక డాక్టరు. వకీళ్ళు కొంచెం అయిష్టంగా లేచారు. ఒకరి మీద ఒకరు పడుతూ, నవ్వుతూ, పిల్లలను భుజాలకెత్తుకుని ఊరు ఊరంతా బయటికి వచ్చింది. సన్యాసప్పడు తాడు దించలేదు. పెళ్ళింటి వాకిట్లో అతిథులను సాగనంపే మనిషిలా, చెయ్యి నొప్పి పుడుతున్నా, చివరి మనిషి దాకా ఎత్తి పట్టుకునే నిలబడ్డాడు. దాటుతూ ఒకరిద్దరు అతని భుజం తట్టారు. పట్నాయక్ గారు మాత్రం ఎవరికీ కనబడకుండా వంగి, జీపు వెనకవైపు నుంచి ఎక్కేశారు.

పైడమ్మ ట్రాలీ దగ్గరికి పరుగెత్తింది. పిండి పులిసి, నురగలు కక్కుతోంది. ఇడ్లీకి పనికిరాదు. ఆమె ఒక్క క్షణం నడుం మీద చెయ్యి వేసుకుని చూసి, పొయ్యి దింపించింది. మూకుడు పెట్టి, నూనె పోసి, మిగిలిన పిండిలో తరిగిన ఉల్లిపాయలూ మిరపకాయలూ కలిపి, గుప్పిట్లోంచి పునుగులు వదలడం మొదలుపెట్టింది. సింహాద్రి శాలువా తీసి చేతులు తుడుచుకుని చిల్లుల గరిటె అందుకున్నాడు. పుల్లటి పునుగుల వాసన గడియారం సెంటరంతా కమ్మేసింది. ఇంటికి పోదామనుకున్నవాళ్ళు కూడా ఆగిపోయారు. ఎవరూ ఆపలేదు, వాళ్ళకు వాళ్ళే ఆగారు. మొదటి వాయి సన్యాసప్పడికి పెట్టింది. అతను రోడ్డు మీదే గొంతుక్కూర్చుని, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, కారం వల్లనేమో, అల్లం పచ్చడి మళ్ళీ వేయమన్నాడు.

జనం సద్దుమణిగాక పైడమ్మ షామియానా వైపు చూసింది. ఖాళీ బల్లల మధ్య ఒక్క మనిషి మిగిలి ఉన్నాడు. పంచె, లాల్చీ, ఒళ్ళో పుస్తకం. వేలు పెట్టి ఆ వాక్యాన్నే చదువుకుంటున్నాడు.

ఆకులో పునుగులు వేసుకుని, ఆమె లోపలికి వెళ్ళి ఆయన చేతికిచ్చింది. విశ్వంభరమూర్తి గారు ఒకటి నోట్లో పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. ఇంకోటి పెట్టుకున్నారు. ఆకు ఖాళీ చేసేశారు.

"చాలా బాగున్నాయమ్మా," అన్నారు. తరువాత మెల్లగా, ఎవరైనా వింటారేమో అన్నట్టు అడిగారు. "మరి, నేను వెళ్ళొచ్చా?"

"మిమ్మల్ని ఆపింది ఎవలు బాబూ?" అంది పైడమ్మ.

ఆయన తల తిప్పి చూశారు. తాడు కింద పడి ఉంది. తాడు దగ్గర ఎవరూ లేరు. సెంటరు నిండా జనం పునుగులు తింటూ, ఒకరి ఆకులోంచి ఒకరు లాక్కుంటూ, ఇష్టమొచ్చినట్టు మాట్లాడుకుంటున్నారు. ఆయన అటూ చూశారు, ఇటూ చూశారు. ఆపినవాడు ఎక్కడా కనబడలేదు.

అయినా లేవడానికి ఆయనకు చాలాసేపు ధైర్యం చాలలేదు.